సీసం కిందికి గుంజుతది, బ్లేడ్ పైకి లేపుతది: గాలం పట్టిన మా అల్లుడికి

అల్లుడా,

మొన్న ఐతారం నువ్వు పంపిన వీడియో నాలుగు సార్లు చూసిన. మూడు వారాల సంది మానేరు డ్యామ్ కాడికి పోయి ఉత్త చేతులతోని వస్తున్న అంటివి, మామా ఇక్కడ చాపలే లేవు అంటివి, చాపలు ఎందుకుండవురా, ఉన్నయి, నీ స్పిన్నర్ బెయిట్, గదే వంగిన తీగకు ఒక కొసన సీసం తలకాయ, గాలం, ఇంకో కొసన తిరిగే రేకు బ్లేడ్ ఉన్న ఎర, వాటి నెత్తి మీదికెళ్ళి పోతాంది అంతే. వీడియోల సాఫ్‌గ కనవడ్డది, నువ్వు రీలు తిప్పుతాంటె నీళ్ళ మీద గీత లెక్క లేస్తాంది, బ్లేడ్ మెరుపు గూడ కనవడుతాంది, అంటే అది జానెడు లోతుల గూడ లేదు. పొద్దున పదకొండు గంటలకు, గంత ఎండల, ఆ పైనీళ్ళల్ల ఏ చాప ఉంటది చెప్పు. ఫోన్ల చెప్దామంటే నీకు సిగ్నల్ ఉండది, చెప్పింది సగం గాలికి పోతది, అందుకే కూసొని టైప్ జేస్తాన్న, జర పొడుగైతది, తీరికగ సదువు.

మొదలు ఒక్క ముచ్చట మనసుల పెట్టుకో, మిగిలినయన్ని దాని ఎంబడే వస్తయి. స్పిన్నర్ బెయిట్‌ల రెండు బలాలు కొట్లాడుతయి. సీసం తలకాయ కిందికి గుంజుతది, తిరిగే బ్లేడ్ పైకి లేపుతది. రీలు ఆపినవనుకో, బ్లేడ్‌కు బలం పోయి సీసం గెలుస్తది, మునుగుతది. జోరుగ తిప్పినవనుకో, బ్లేడ్ గెలుస్తది, పైకొస్తది. రెండూ సరిసమానం అయిన కాడ అది ఒకే లోతుల నడుచుకుంట వస్తది. నువ్వు మొదలు నేర్చుకున్నది క్రాంక్ బెయిట్‌తోని గదా, అది చాప బొమ్మ లాంటి ఎర, దానికి ముందట పెదవి లెక్క పలక ఉంటది, ఎంత జోరుగ తిప్పితే అంత కిందికి తవ్వుకుంట పోతది, గా అలవాటే నీ చేతికి అంటుకున్నది. బ్లేడ్ ఉన్నదానికి మొత్తం ఉల్టా. లోతుకు పోతలేదని నువ్వు ఇంక జోరు పెంచుతాన్నవ్, జోరు పెంచిన కొద్ది అది ఇంక పైకొస్తాంది.

సంక్రాంతికి పతంగి ఎగిరేసినవ్ గదా, అదే ఇది. మాంజా గుంజితే పతంగి లేస్తది, ఢీల్ ఇస్తే దిగుతది. గాలికి బదులు ఇక్కడ నీళ్ళు. చిన్నప్పుడు మిద్దె మీద నీకు ఢీల్ ఇచ్చుడు నేర్పింది నేనే, చెయ్యి ఎంత మెత్తగ ఉంటే పతంగి అంత మాట వింటది అని చెప్తుంటి, అదే చెయ్యి ఇక్కడ గూడ పనికొస్తది.

ఇగ బ్లేడ్ల ముచ్చట. నీ డబ్బల మూడు తీర్లు ఉన్నయి, ఫొటోల చూసిన. గుండ్రంగ, లోపలికి గిన్నె లెక్క గుంట ఉన్నది కొలరాడో. వేపాకు లెక్క పొడుగ్గ, కొసలు సన్నగ ఉన్నది విల్లో. ఆ రెండిటి నడిమిట్ల నీటిబొట్టు తీరుగ ఉన్నది ఇండియానా. కొలరాడో నీళ్ళను బాగ పట్టుకుంటది, మధ్య తీగకు దూరంగ జరిగి పెద్ద సుట్టు తిరుగుతది, చేతికి దడదడ తెలుస్తది, అందుకే అది పైకి లేపుడు గూడ ఎక్కువే. విల్లో తీగకు దగ్గరగ, సన్నగ, జోరుగ తిరుగుతది, మెరుపు ఎక్కువ, దడ తక్కువ, లేపుడు తక్కువ. అంటే ఒకే సీసం, ఒకే జోరు పెట్టినా విల్లో కట్టింది కిందికెళ్ళి వస్తది, కొలరాడో కట్టింది పైకెళ్ళి వస్తది. బ్లేడ్ సైజు గూడ గంతే, పెద్దదైన కొద్ది లేపుతది. నువ్వు వీడియోల వాడింది పది గ్రాముల తలకాయకు రెండు పెద్ద కొలరాడోలు, పైన ఒకటి, కింద ఒకటి, అది లోతుకు పొమ్మంటే ఎట్ల పోతది అల్లుడా, అది మోకాలు లోతు నీళ్ళల్ల తుంగ పక్కపొంటి మెల్లగ నడిపిచ్చే సామాను. డ్యామ్‌ల లోతుకు పోవాల్నంటే ముందు కొలరాడోలు తీసేసి విల్లో పెట్టు. రెండు విల్లోలు, లేకపోతే ముందట చిన్న కొలరాడో, ఎనుక పెద్ద విల్లో.

అట్లని కొలరాడోను పక్కకు పడెయ్యకు. మొదటి వానలకు మన చెరువులల్ల ఎర్రటి బురద నీళ్ళు దిగుతయి, చెయ్యి పెడితే వేళ్ళు కనవడయి, అప్పుడు విల్లో మెరుపు ఎవనికి కనవడాలె. చాప కంటితోనే కాదు, ఒంటి పక్కపొంటి ఉన్న గీతతోని గూడ నీళ్ళ కదలిక పసిగడ్తది, ఆ దడ దానికి తెల్వాలె. అట్లాంటప్పుడు కొలరాడోనే కావాలె, లోతు గూడ కావాలె, రెండూ కావాల్నంటే ఒకటే తొవ్వ, బ్లేడ్ ఒకటే పెట్టి సీసం పెంచుడు. పెద్ద కొలరాడో ఒక్కటి, కింద 21 గ్రాముల తలకాయ, మెల్లగ. నాకు బాగ కలిసొచ్చిన జత ఇది.

బరువుల లెక్క అమెరికా ఔన్సులల్ల రాస్తరు. పావు ఔన్సు అంటే 7 గ్రాములు, మూడు బటా ఎనిమిది అంటే పదిన్నర, అర అంటే 14, ముప్పావు అంటే 21, ఒకటి అంటే 28. మోకాలు లోతుకు పావు, నడుము లోతుకు పదిన్నర, నిలువు లోతుకు అర ఔన్సు, రెండు నిలువులు దాటితే ముప్పావు, నేనైతే గిట్ల మొదలు పెడ్త. ఇవి రాసిపెట్టిన రూలు కాదు, మొదలు పెట్టేటందుకు ఒక లెక్క. నీ రాడ్ మీద ఎంత బరువు దాక ఇసరొచ్చో రాసి ఉంటది, 28 గ్రాములది కట్టే ముందు అది చూస్కో.

రీలు మీద ఏం రాసి ఉన్నదో గూడ చూడు. నీది 7.1 అని కనవడ్డది, అంటే నువ్వు హ్యాండిల్ ఒక్క సుట్టు తిప్పితే లోపల తంగీసు, అంటే గాలం దారం, సుట్టుకునే స్పూలు ఏడు సుట్లు తిరుగుతది. నాది పాతది, 5.4. నువ్వు మెల్లగనే తిప్పుతాన్న అనుకుంటవ్ గని నాకంటె ఎక్కువ తంగీసు గుంజుతాన్నవ్, చేతికి అది తెల్వది. అందుకే నీకు చెప్పేది, ముందు ఒడ్డు కాడ, కంటికి కనవడే నీళ్ళల్ల పెట్టి, బ్లేడ్ తిరుగుడు ఆగిపోయేదాక జోరు తగ్గిచ్చుకుంట రా. ఆగింది అనంగనే జర పెంచు. బ్లేడ్ తిరిగే అన్నిటికంటె మెల్లటి జోరు అదే, దాన్ని నీ చెయ్యికి బాగ అలవాటు చెయ్యి. నడుపుడు ఎప్పుడూ అక్కడికెళ్ళి మొదలు పెట్టు, పైకి తేవాల్నంటే పెంచుకో. నువ్వు పైకెళ్ళి మొదలు పెట్టి కిందికి దించుదామని చూస్తాన్నవ్.

రాడ్ కొస గూడ లోతును మారుస్తది. కొస నీళ్ళకు ఆనిచ్చి పట్టుకుంటే ఒక లోతు, పది గంటల ముల్లు లెక్క పైకి లేపితే ఇంకో లోతు, నడిమిట్ల నడుము లోతు తేడా వస్తది దగ్గరికొచ్చినంక. దూరంగ ఉన్నప్పుడు అంత తేడా ఉండది, తంగీసు అంత పొడుగు ఉన్నప్పుడు కోణం పెద్దగ మారది. నువ్వు వీడియోల రాడ్‌ను బోనాలకు కర్ర పట్టినట్టు నిలువుగ పట్టినవ్, ఫొటోకు బాగుంటది గని లూర్ అంటే ఎర గదా, ఆ లూర్‌కు బాగుండది.

తంగీసు ముచ్చట తొందరగ చెప్త. లావు తంగీసు నీళ్ళల్ల ఎక్కువ ఆనుతది, పైకి లేపుతది, సన్నది లోతుకు పోనిస్తది. బ్రెయిడ్, అంటే పోగులు అల్లిన తంగీసు, సన్నగుంటది గని తేలుతది, ఫ్లోరోకార్బన్ మునుగుతది, మామూలు నైలాన్ నడిమిట్ల. నీ రీలుకు బ్రెయిడ్ ఉన్నది, ఉండనియ్, కొసకు రెండు బారల ఫ్లోరోకార్బన్ కట్టు, సాలు. గాలి అడ్డంగ కొట్టిన నాడు తేలే బ్రెయిడ్ విల్లు లెక్క వంగుతది, ఆ వంపు లూర్‌ను పక్కకు, పైకి గుంజుతది, అప్పుడు కొసను నీళ్ళల్లనే ముంచి తిప్పు.

ఇగ అసలు పని. నీకు ఏ లూర్ ఎంత సేపట్ల ఎంత లోతుకు దిగుతదో తెల్వాలె. ఇది ఎవలు చెప్పినా రాదు, కొలుచుకోవాలె. నేను మన పొలం కాడి బావిల కొలిచిన. ఆ బావి నీకు తెల్సు, మెట్లబావి, మీ తాత మోట కొట్టిన బావి, వానాకాలం పోయినంక కార్తీకంల నీళ్ళు అద్దం లెక్క ఉంటయి. ఒక తాడుకు రాయి కట్టిన, మూర మూరకు ఎర్రగుడ్డ ముడేసిన, గోడ పొంటి దించిన. ఆరు మూరల కాడి ముడి, అంటే తొమ్మిది ఫీట్లు, అక్కడిదాక కండ్లకు కనవడ్డది. ఇగ మెట్ల మీద కూసొని ఒక్కొక్క లూర్‌ను ఆ తాడు పక్కపొంటి జారిడిసిన. మీ తాత వడ్లు కొలిచేటప్పుడు ఒకటి అనకపోవు, లాభం అంటుండె, లాభం, రెండు, మూడు, నాకు గూడ అదే వస్తది నోటికి, గడియారం ముందట పెట్టుకొని ఒక్కో అంకెకు ఒక్కో సెకను పడేటట్టు నాలిక్కి అలవాటు జేసిన. 14 గ్రాముల విల్లోది లాభం కాడికెళ్ళి ఏడు అనేసరికి ఆ కింది ముడి దాటింది. పది గ్రాముల కొలరాడోది పదకొండు దాక గుంజింది, దిగేటప్పుడు గూడ దాని బ్లేడ్ హెలికాప్టర్ లెక్క తిరుగుకుంట నెమ్మదిగ దిగింది, ఆ తిరుగుడు సూస్కుంట నేను పొద్దూకేదాక కూసున్న. అది సూడాలె అల్లుడా. నువ్వు ఇన్ని దినాలు చెయ్యితోని తెలుసుకుందామనుకున్నది అక్కడ కంటి ముందట కనవడతది, సీసం ఎట్ల ముక్కు కిందికి పెట్టుకొని పోతది, జర గుంజంగనే బ్లేడ్ తెరుసుకొని, గాలం సుట్టు కుచ్చు లెక్క ఉండే స్కర్ట్ ఎట్ల విచ్చుకుంటది, ఆపంగనే మళ్ళ ఎట్ల ముడుసుకుంటది.

ఆ బావికాడనే ఇంకోటి తెల్సింది. తంగీసు సడలు ఇచ్చి పడనిస్తే నిలువుగ దిగుతది. బిగిచ్చి పట్టుకుంటే గోడ గడియారం లోలకం లెక్క నీ దిక్కు ఊగుకుంట దిగుతది, అంటే నువ్వు పది లెక్కపెట్టినా అది పది అంత లోతుకు పోదు. ఇసిరినంక సడలుగ పడనియ్యి, కని ఒక్క కన్ను తంగీసు మీదనే ఉంచు, పడేటప్పుడే చాప అందుకునుడు మస్తు సార్లు అయితది, అప్పుడు తంగీసు ఒక్కసారి పక్కకు జరుగుతది లేకపోతే లెక్క పూర్తి గాకముందే ఆగుతది.

నా అంకెలు నావి. నీ లూర్లకు నువ్వు కొలుచుకోవాలె, బ్లేడ్ మార్చినా, గాలానికి ఎనుక కుచ్చే రబ్బరు ట్రెయిలర్ మార్చినా లెక్క మారుతది. ఒక చిన్న నోటుబుక్కుల రాస్కో.

చెరువుల ఎట్ల వాడాల్నో చెప్త. తెల్వని తావుల మొదటి సారి ఇసిరి అడుగు తగిలేదాక లెక్కపెట్టు. తంగీసు ఒక్కసారి మెత్తవడ్డదంటే అడుగు తగిలినట్టు. తొమ్మిదికి తగిలిందనుకో, రెండోసారి ఆరు కాడనే తిప్పుడు మొదలు పెట్టు, అడుగుకు రెండు మూడు మూరలు పైకెళ్ళి వస్తది. చాప కొట్టకపోతే నాలుగు కాడ, అప్పటికి లేకపోతే రెండు కాడ. ఒకటి కొట్టిందనుకో, ఏ అంకె కాడ కొట్టిందో నోట్లనే పెట్టుకో, ఇంకోటి గూడ అక్కడనే దొరుకుతది. నువ్వు చేసేది ఏందంటే నీళ్ళు తాకంగనే హ్యాండిల్ తిప్పుతాన్నవ్. అన్నిటికంటె ముందు మార్చుకోవాల్సింది ఇదే.

మన చెరువుల తీరు గూడ ఎరుక ఉండాలె. కాకతీయుల నాటి చెరువులు రామప్పైనా, ఊర్ల పెద్ద చెరువులైనా ఒక్కతీరే, వాగుకు అడ్డంగ కట్ట పోసిన్రు, కట్ట అంచున తూము కాడ లోతు ఎక్కువ, శిఖం దిక్కు పోయిన కొద్ది పలుచగ అయితది. నువ్వు కట్ట మీద నిలవడి నడి చెరువుల దిక్కు ఇసిరితే లూర్ లోతుకెళ్ళి నీ దిక్కు వస్తది, నీ కాళ్ళ కాడ రాళ్ళు ఏటవాలుగ పైకి లేస్తయి, లూర్ గూడ దగ్గరికొచ్చిన కొద్ది తంగీసు కోణం పెరిగి పైకి లేస్తది, రెండూ లేస్తయి గాబట్టి కట్ట మీదికెళ్ళి తిప్పుడు కొంచెం మాఫీ. కని శిఖం దిక్కు నిలవడి లోతుకు ఇసిరితే అడుగు నెమ్మదిగ లేస్తది, లూర్ మాత్రం చివరికి గబుక్కున లేస్తది, సగం తొవ్వ ఉట్టి నీళ్ళల్లనే పోతది. అందుకే సగం దూరం వచ్చినంక జోరు తగ్గిచ్చాలె, కొస దించాలె. ఎంత దూరం ఇసిరితే అంత ఎక్కువ సేపు కింద ఉంటది, ఇది గూడ యాది పెట్టుకో.

నాకు అన్నిటికంటె ఇష్టమైంది కట్ట పొంటి ఇసురుడు. కట్టకు ఎదురుగ కాదు, కట్ట పక్కనే, అంచుకు మూడు నాలుగు బారల దూరంల సమానంగ పడేటట్టు ఇసురు. అప్పుడు మొదటి నుంచి చివరి దాక ఒకే లోతు అడుగు మీదికెళ్ళి వస్తది, ఆ రాళ్ళ సందులల్ల దాసుకున్నదాని ముందటికెళ్ళి వస్తది. 2015 సంది మిషన్ కాకతీయల పూడిక తీసిన చెరువులల్ల అడుగు ఎగుడుదిగుడుగ ఉంటది, జేసీబీ గుంతలు ఉంటయి, నీళ్ళు తగ్గిన ఎండకాలం పోయి ఆ గుంతలు ఎక్కడున్నయో కండ్లార చూసి, తుమ్మచెట్టుకో తూముకో ఆనవాలు పెట్టుకో, నీళ్ళు నిండినంక అదే నీకు అక్కరకొస్తది.

అడుగు పొంటి మెల్లగ దొర్లిచ్చుడు అని ఒక పద్ధతి ఉన్నది, ఇది నేను మన దగ్గర నేర్చుకోలే. 2018ల పెద్దోని దగ్గరికి డల్లాస్ పోయినప్పుడు వాడు లైసెన్సు తీసి నన్ను లేక్ ఫోర్క్ కాడికి తీస్కపోయిండు, డల్లాస్‌కు తూర్పు దిక్కు ఉంటది, 1980ల నింపిన రిజర్వాయర్, నీళ్ళల్ల ఎండిన చెట్లు మోడులు మోడులుగ నిలవడి ఉంటయి. అక్కడ బాస్ అనే చాప కోసం పోతరు, ఈ స్పిన్నర్ బెయిట్లు జనం వాడేదే దానికోసం. ఆ టెక్సాస్ రాష్ట్రంల అన్నిటికంటె పెద్ద బాస్ 1992ల ఆ చెరువులనే పడ్డది, 18.18 పౌండ్లు, మన లెక్కల ఎనిమిది కిలోల పైన. పడవ నడిపిన పెద్దాయన 21 గ్రాములది కట్టిచ్చి, అడుగు తాకినంక హ్యాండిల్ ఎంత మెల్లగ తిప్పమన్నడంటే నాకు నిద్రొచ్చేటట్టుండె. మోడు తగిలితే ఆపు, ఎక్కిచ్చు, దాటినంక పడనియ్యి అన్నడు. నాలుగో మోడు దాటినంక దడ ఆగిపోయింది. గుంజుడు లేదు, కొట్టుడు లేదు, ఉట్టిగ దడ ఆగింది. ఆయన నా భుజం మీద కొట్టిండు, నేను రాడ్ లేపేసరికి బరువు తెల్సింది. కొలిస్తే 19 ఇంచులు, అక్కడ 16 నుంచి 24 ఇంచుల నడిమి దాన్ని ఇడిసిపెట్టాలె, కాయిదా అది, నా చేతులతోనే నీళ్ళల్ల పెట్టిన, తోక ఊపుకుంట పోయింది. ఆ దడ ఆగుడు నా చేతుల ఇప్పటికీ ఉన్నది. నువ్వు నేర్చుకోవాల్సింది గూడ అదే, బ్లేడ్ దడ చేతికి తెలుస్తున్నంత సేపు నీ లూర్ ఎట్ల నడుస్తాందో ఎరుక ఉంటది, దడ ఆగితే చాపన్న కావాలె, నాచన్న కావాలె, ఏదైనా గానీ రాడ్ లేపు.

చాటర్ బెయిట్ సంగతి అడిగినవ్. అది జిగ్, అంటే గాలం ఉన్న సీసం తలకాయ, ముందట మడిచిన రేకు బ్లేడ్ పెట్టింది, తిరగది, అటు ఇటు కొట్టుకుంటది. ఆ రేకే నీళ్ళను నెడుతది గాబట్టి అది గూడ జోరు పెరిగిన కొద్ది లేస్తది, నియమం అదే. తేడా ఏందంటే దానికి పైన తీగ ఉండది, ముళ్ళకంపల పడితే స్పిన్నర్ బెయిట్ కంటె తొందరగ చిక్కుకుంటది. నాచు పైఅంచుకు ఆనిచ్చి నడిపిచ్చి, తట్టుకోంగనే ఒక్క గుంజు గుంజితే విడిపోయి ఎగురుతది, ఆ ఎగురుడు కాడనే కొడ్తది చాప. లోతుకు దాన్ని వాడాల్నంటే ట్రెయిలర్ సన్నది పెట్టు.

ట్రెయిలర్ అంటే గుర్తొచ్చింది. నువ్వు గాలానికి ఎనుక లావు రబ్బరు కప్ప లాంటిది కుచ్చినవ్, దాని తోక తెడ్డు లెక్క కొట్టుకొని పైకి లేపుతది. పైపైన నడిపేటప్పుడు అది మంచిదే. లోతుకు పోవాల్నంటే అది తీసి సన్న తోకది పెట్టు లేకపోతే ఏం పెట్టకు. స్కర్ట్ గూడ దట్టంగ ఉన్నది, కత్తెరతోని మూడో వంతు పోసలు కత్తిరించు, కొస గూడ గాలం వంపుకు వేలెడు దాటకుండ ఉంచు. ఇంకో చిట్కా, నేను డిపోల పని జేసేటప్పుడు సోల్డర్ తీగ మస్తు వాడేది, ఆ తీగ గాలం కాడకు ఏడెనిమిది సుట్లు బిగుతుగ సుట్టి పట్టుకారుతోని నొక్కు, కొత్త లూర్ కొనకుండనే రెండు మూడు గ్రాములు పెరుగుతది. తలకాయకు దగ్గరగ సుట్టు, ఎనుక సుట్టితే తోక దించి నడుస్తది.

లూర్ ఒక పక్కకు వొరిగి వస్తాంటె లోతు లెక్కలన్ని తప్పుతయి. ముందట పట్టుకొని చూడు, పైతీగ గాలం మీద నిలువుగ ఉండాలె. కుడి దిక్కు వొరుగుతాంటె పైతీగను వేలితో జరంత ఎడమకు వంచు, మళ్ళ ఒడ్డు కాడ నడిపి చూడు. ఒక్కసారే గట్టిగ వంచితే తీగ ఇరుగుతది. జోరుకు మాత్రమే వొరుగుతాంటె అది వంకర కాదు, ఆ సీసానికి ఆ బ్లేడ్ పెద్దదైందన్నట్టు. బ్లేడ్ పట్టిన స్వివెల్‌ను గూడ ఊది చూడు, బ్లేడ్ తిరిగేటందుకు ఉండే కీలు అది, ఊదితే తిరగాలె. పోయిన యేడు నేను ఆన్‌లైన్ల అగ్గువకు వస్తున్నయని డజను తెప్పిచ్చిన, తొమ్మిదింటికి స్వివెల్ తిరగలేదు, మెల్లగ నడిపితే బ్లేడ్ సచ్చినట్టు వేలాడుతుండె, వాపస్ తీస్కోమంటే తీస్కోలే. స్వివెల్లు ఇడిగ కొనుక్కొచ్చి ఒక్కొక్కటి మార్చుకున్న, ఇప్పుడు అవే నా మంచి లూర్లు. మెల్లగ నడిపిచ్చే పనికి అగ్గువ స్వివెల్ అస్సలు పనికిరాదు.

మనకు పడేది కొర్రమట్ట, అదృష్టం బాగుంటే మానేరు, గోదావరిల వాలుగ. కొర్రమట్టకు లోతు ముచ్చట వేరు, అది గాలి పీల్చుకునేటందుకు మాటిమాటికి పైకి రావాలె, అందుకే తామరాకుల కింద, తుంగ అంచున, నిలువు లోతు లోపల్నే ఉంటది మస్తుగ. దానికి పది గ్రాములది, కొలరాడో, మెల్లగ, నీ ఇప్పటి సామానే సాలు, తావు మార్చు అంతే. బుడగ లేచిన కాడ నేరుగ ఎయ్యకు, రెండు బారలు అవతల ఏసి దాని ముందటికి తే. వాలుగ మాత్రం లోతు గుంతలల్ల ఉంటది, పొద్దూకినంక పైకొస్తది, దానికి ముప్పావు ఔన్సు, విల్లో, అడుగు పొంటి. వానకాలంల కొర్రమట్ట తన పిల్లల గుంపు కింద కావలి ఉంటది, ఎర్రటి పిల్లలు నీళ్ళ మీద మూకుడంత వెడల్పు ముద్దగ తిరుగుతాంటయి, అక్కడ బ్లేడ్ ఎయ్యకు. తల్లి కోపానికి కొడ్తది, పడ్తది గూడ, దాని తర్వాత ఆ పిల్లలను పక్క చాపలు ఒక్క గంటల తింటయి. నేను ఒకసారి చేసిన ఈ పని, ఇరవై ఏండ్ల కింద, ఆ తల్లిని సంచిల ఏసుకొని తిరిగి చూస్తె పిల్లల ముద్ద చెదిరిపోయి కింద చిన్న చిన్న సుడులు లేస్తుండె. ఆ దినం సంది ఎర్రపిల్లలు కనవడితె గాలం సుట్టుకొని అవతలికి పోత.

ఊరి చెరువుకు పోతే ముందు మత్స్య సొసైటీ వాళ్ళను అడుగు. చాపపిల్లలు పోసేది వాళ్ళు, కావలి ఉండేది వాళ్ళు, వాళ్ళ బతుకు అది. అడిగితే చాన మంది కాదనరు, కొర్రమట్ట ఒక్కటి పడితే ధర కట్టి ఇచ్చెయ్యి. పాకాల దిక్కు మాత్రం రాడ్ పట్టుకొని పోకు, అది అభయారణ్యం. కాకతీయ కాలువ మీద గూడ వద్దు, పారే నీళ్ళల్ల ఎదురుగ గుంజితే బ్లేడ్ ఇంక లేస్తది, వాటం పొంటి గుంజితే మునుగుతది అని నేర్చుకోవాల్నని ఉంటది నీకు, కని ఆ సిమెంటు గోడల మీద పాచి ఉంటది, జారితే పట్టుకోను ఏం దొరకది. మత్తడి దునికినప్పుడు దాని కింద వాగుల, మోకాలు లోతుల, అదే నేర్చుకోవచ్చు.

వచ్చే ఐతారం బండి మీద ఊరికి రా. నీ డబ్బ మొత్తం తే, రీలు గూడ, గడియారం పెట్టుకొని రా. తాడు, ఎర్రగుడ్డ ముడులు అట్లనే ఉన్నయి కొట్టంల, సోల్డర్ తీగ నా దగ్గర ఉన్నది. పొద్దుగాల ఎనిమిది లోపు వస్తే బావిలకు ఎండ సీదగ పడేదాక నీ ఎనిమిది లూర్లు కొలిచెయ్యొచ్చు, పదింటికి మీ అత్త సర్వపిండి చేస్త అన్నది, అది తిని మాపటికి చెరువు కట్ట మీదికి పోదాం, సొసైటీ పెద్దమనిషికి నేను ముందే చెప్పి పెడ్త.

మీ మామ
హనుమకొండ